పదిహేను పాళ్ళ మంట

హమీద్ బీడీ కాలుస్తూ జీపుకు నిప్పంటించుకుని చచ్చిపోయాడని రిపోర్టులో రాశారు.

లియాఖత్ అలీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి బల్ల మీదికి విసిరాడు. చీఫ్ రఘుపతి ముందున్న టీ ఒలికింది. ఒలికితే ఒలకనీ అనుకున్నాడు లియాఖత్.

"హమీద్ జన్మల బీడీ ముట్టలే సార్. పొగ పక్కకొస్తేనే దగ్గేటోడు. గీ రాత రాసినోడెవడు?"

"ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీ," అన్నాడు చీఫ్. "ఇంకా సంతకం కాలేదు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి నల్గొండ గెస్ట్‌హౌస్‌లో చేస్తారు."

1993 ఫిబ్రవరి. ఉదయం ఏడు గంటలు. ఆత్మకూరు శివార్లలో ఒక డిస్టిలరీ వెనక గది. పైకి గోదాము, లోపల సీక్రెట్ ల్యాబ్. కిటికీలోంచి ఖాకీరంగు జీపు కనిపిస్తోంది. అలాంటి జీపులు రెండుండేవి. మొదటిది పోయిన వారం కొత్తకోట దగ్గర కాలి బూడిదైంది. దానితోపాటు హమీద్. పన్నెండేళ్ళు పక్కపక్కన పనిచేసిన స్నేహితుడు. వాడి భార్య ఖాతూన్ ముఖం చూడలేక లియాఖత్ ఇంతవరకు ఆ గడప తొక్కలేదు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు చీఫ్. "ట్యాంకులో ఎనభై అయిదు పాళ్ళు ఇథనాల్, పదిహేను పాళ్ళు పెట్రోల్. ఏ పాళ్ళలో పోసినా సెన్సర్ కనిపెట్టి ఇంజన్‌కు చెబుతుంది. ఒకే ట్యాంకు, ఒకే ఇంజన్, ఏ ఇంధనమైనా సరే. చెరకు మడ్డిలోంచి తీసే ఈ ఇథనాల్‌తో బండ్లు నడిస్తే సముద్రం అవతల చమురు అమ్ముకునే నెప్ట్యూన్ ముఠా నోట్లో మట్టే. అందుకే మొదటి జీపును తగలబెట్టారు. ఎలా చేశారో తెలియదు. ఈ జీపు మూడింటిలోపు నల్గొండ చేరకపోతే ఫైలు మూసేస్తారు. హమీద్ బీడీ కూడా ఖాయమైపోతుంది."

"ఒక్కడినే పోతనా?"

తలుపు తెరుచుకుంది. ముందు అత్తరు వాసన, తర్వాత ఎర్ర చున్నీ, ఆ తర్వాత నల్ల కళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు లోపలికి వచ్చాయి.

"షంషున్నీసా," అన్నాడు చీఫ్. "సెన్సర్ ఇంజనీర్. నెప్ట్యూన్‌లో మన మనిషి. కోడ్ నేమ్ చాందినీ."

"మన మనిషా, వాళ్ళ మనిషా?"

"రెండువైపులా తిరుగుతుంది. మనసు మాత్రం మనవైపే."

మనసు ఎటుందో చెప్పే సెన్సర్‌ను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు పాపం. లియాఖత్ డ్రైవర్ ఖాకీ చొక్కా తొడుక్కుని తాళంచెవి అందుకున్నాడు.

వనపర్తి దాటారు. నాగర్‌కర్నూల్ దాటారు. డ్యాష్‌బోర్డు మీద సెన్సర్ ముల్లు ఎనభై అయిదు దగ్గర కదలకుండా నిలబడింది. దాని పక్కన చిన్న రికార్డర్ చార్టు కాగితం మీద గీత గీస్తూ వస్తోంది. షంషున్నీసా మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది.

"దేవరకొండలో నన్ను దింపు. హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ చెయ్యాలి," అంది.

"నల్గొండల చెయ్యొచ్చు గద."

"ఆర్డర్ ఈజ్ ఆర్డర్, మిస్టర్ డ్రైవర్."

కల్వకుర్తి దాటి దేవరకొండ దారి పట్టాక రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప కనిపించింది. లియాఖత్ బ్రేకు తొక్కాడు. నెప్ట్యూన్ మనుషులే అనుకుని నడుము దగ్గర పిస్తోలు తడుముకున్నాడు. కంప వెనకనుంచి లేచింది మాత్రం నలభై మంది ఆడవాళ్ళు. రోకళ్ళు, చీపుర్లు, కారం మూటలు. ఆ ఏడాది ఊరూరా సారా మీద ఆడవాళ్ళు కొంగు బిగించి ఉన్నారు. వాళ్ళ మీద పిస్తోలు తీసేవాడు మనిషే కాడనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అందరికంటే ముందున్నది సైదమ్మ. గొర్లు కాసే మనిషి, యాభై దాటి ఉంటాయి, చేతిలో నిలువెత్తు కట్టె. గాలి ఒక్కసారి గట్టిగా పీల్చింది.

"స్పిరిటు. దిగురా బండి."

"పెద్దమ్మా, గిది తాగేది గాదు. బండికి పోసేది. నల్గొండకు సర్కారు పని మీద..."

"సర్కారు పనే! సారా వేలంపాటలు వెట్టేది గా సర్కారే గదరా. పోయిన నెల స్పిరిటు గలిపిన సారా తాగి మా ఊర్ల ఇద్దరి కండ్లు పోయినయ్. అందుల ఒగడు నా తమ్ముడు. నా ముక్కుకు అబద్ధం జెప్తవా?" ఆమె కట్టెతో బానెట్ మీద కొట్టింది. "వాసన ఎనుకనుంచి గాదు, ముందలనుంచి వస్తాంది. ముందల దాసినవా ప్యాకెట్లు? ఎత్తు!"

లియాఖత్ బానెట్ ఎత్తాడు. ప్యాకెట్లు లేవు. కానీ ఇంజన్‌కు ఇంధనం తెచ్చే, ఇథనాల్‌కు తట్టుకునే ఆకుపచ్చ గీత గొట్టం ఉండాల్సిన చోట మామూలు నల్ల రబ్బరు గొట్టం ఉంది. ఇథనాల్ తాగి తాగి ఉబ్బి, నానబెట్టిన శనగలా మెత్తబడింది. పగులులోంచి బొట్లు కారుతున్నాయి. ఇంకో నలభై కిలోమీటర్లు పోతే గొట్టం తెగి, కాలుతున్న ఇంజన్ మీద ధారగా పడేది. అప్పటికి దేవరకొండలో షంషున్నీసా దిగిపోయి ఉండేది.

హమీద్ ఎలా కాలిపోయాడో లియాఖత్‌కు అర్థమైంది. వెనక్కి తిరిగాడు.

"గొట్టం మార్చింది నువ్వే."

అప్పటికే ఎర్ర చున్నీ తలమీదికి వచ్చింది. నల్లద్దాలు మాయమయ్యాయి. కళ్ళలో నీళ్ళు.

"అమ్మా, నేను టీచర్ని. బస్సు పోయిందని ఎక్కిన. వీడు సారా కాంట్రాక్టర్ మనిషి. గీ స్పిరిటంత మాపటికి ఊర్లల్ల పంచుతరట!"

ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో, క్షణంలో పల్లె యాస పట్టేసింది. లియాఖత్ నోరు తెరిచేలోపు పది చేతులు పట్టుకున్నాయి. పిస్తోలు లాక్కుని రోడ్డు పక్క బావిలో పడేశారు. నులకతాడుతో కరెంటు స్తంభానికి కట్టేశారు. ట్యాంకు కింద మర విప్పితే ఇంధనం దాదాపు అంతా జీపు చుట్టూ ఎర్రమట్టిలోకి పారింది.

"గుండు గీకి గాడిద మీద తిప్పుదాం," అంది బక్కమ్మ అనే ఆమె. మిగతావాళ్ళు కేకలేశారు.

షంషున్నీసా జీపు పక్కన నిలబడి గడియారం చూసుకుని, లియాఖత్‌కు మాత్రమే కనిపించేలా నవ్వింది. పన్నెండవుతోంది. నల్గొండ ఇంకా తొంభై కిలోమీటర్లు. వీళ్ళ పగ న్యాయమైనదే, తన తొందరా న్యాయమైనదే. ఇప్పుడేం చెప్పినా నమ్మరు. వాళ్ళకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాలి.

"పెద్దమ్మా! సారా మంచిదో కాదో మీరెట్ల జూస్తరు?"

"అంటిస్తం. మంచి సారా ఐతే నీలం మంట. ఎండల కనబడది గూడ. మసి పట్టది."

"ఐతే గీదాన్ని అంటించి జూడుండ్రి. జర దూరం తీస్కపోయి. నీలం మంటొస్తే నా గుండు మీ ఇష్టం."

సైదమ్మ ట్యాంకు కింద లోటా పట్టి, ముప్పై అడుగులు నడిచి, నేలమీద పెట్టి, కందికట్టె వెలిగించి అంటించింది. భగ్గుమని పచ్చటి మంట లేచింది. నల్లపొగ. లోటా అంచు మసిబారింది. ఒట్టి స్పిరిట్ మంట పగటిపూట కనబడక మనుషులు కాలిపోతారు. ఆ పదిహేను పాళ్ళ పెట్రోల్ కలిపేది కొంతవరకు అందుకే. హమీద్ చెప్పేవాడు ఆ మాట.

"గిది సారా గాదు," అంది సైదమ్మ. వెలుగుతున్న కందికట్టె పట్టుకునే వెనక్కి వచ్చింది. "మరి పంతులమ్మ ఎందుకు అబద్ధమాడె?"

పంతులమ్మ చేతిలో అప్పటికే లిప్‌స్టిక్ గొట్టం ఉంది. దాని కొనలో తూటా పట్టేంత రంధ్రం.

"కదిలితే కాలుస్తాను. సెన్సర్ విప్పి తీసుకుంటాను. అదిగో నా కారు."

దేవరకొండ వైపునుంచి తెల్ల అంబాసిడర్ దుమ్ము లేపుకుంటూ వస్తోంది.

సైదమ్మ బెదరలేదు. పదడుగుల దూరంలో ఆగి, మండుతున్న కందికట్టెను ముందుకు చాపింది.

"నీ కాళ్ళ కింద జూసుకో బిడ్డా. యాడ నిలబడ్డవో."

షంషున్నీసా చూసుకుంది. తడిసిన ఎర్రమట్టిలో ఆమె మడమలు దిగబడి ఉన్నాయి.

"నువ్వు నన్ను కాల్చు. కట్టె కింద పడుతది. తర్వాత అల్లాకే తెలుసు," అంది సైదమ్మ.

ఆ ఇంధనం ఎలా మండుతుందో షంషున్నీసా కంటే బాగా తెలిసినవాళ్ళు అక్కడ లేరు. హమీద్‌ను కాల్చింది ఆమే కదా. ముఖం తెల్లబోయింది. లిప్‌స్టిక్ బురదలో పడింది. అంబాసిడర్ దూరంనుంచే నలభై రోకళ్ళను చూసి వచ్చినదారినే తిరిగి పోయింది. నెప్ట్యూన్ పౌరుషం అంతే.

తాడు లియాఖత్ చేతులనుంచి షంషున్నీసా చేతులకు మారింది.

"బండి ఎండబెడితిమి గద. ఇగ ఎట్ల పోతవ్?" సైదమ్మ గొంతులో మొదటిసారి పశ్చాత్తాపం వినిపించింది.

"పెట్రోల్ దొరుకుతదా?"

ఊళ్ళో అబ్దుల్ ఖాదర్ కిరాణం దుకాణంలో సీసాలలో పెట్రోల్ అమ్ముతాడు. పన్నెండు సీసాలు తెచ్చి పోశాడు. తన మోపెడ్ గొట్టం కూడా కోసి ఇచ్చాడు. ఇథనాల్‌కు కరిగే రబ్బరు పెట్రోల్‌కు భేషుగ్గా నిలుస్తుంది.

లియాఖత్ బిస్మిల్లా అని తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గింది, తుమ్మింది, ఆగేలా వణికింది. ముల్లు ఎనభై అయిదునుంచి జారుతూ పోయి, అడుగున మిగిలిన ఇథనాల్ లెక్కకు పదిహేడు దగ్గర నిలబడింది. ఇంజన్ గొంతు సవరించుకుంది.

"నేను గూడ వస్త," అంటూ సైదమ్మ వెనక సీటులో, కట్టేసిన షంషున్నీసా పక్కన, కట్టె అడ్డం పెట్టుకుని కూర్చుంది. "నడుమల గీమె మాట యింటవేమో, మొగోళ్ళను నమ్మెటట్టు లేదు."

నల్గొండ గెస్ట్‌హౌస్ గేటులోకి జీపు దూరేసరికి మూడుకు రెండు నిమిషాలు తక్కువ. లోపల కమిటీ పెద్ద రిపోర్టు మీద పెన్ను ఆనించాడు. లియాఖత్ ఉబ్బిన రబ్బరు గొట్టాన్ని సరిగ్గా ఆ సంతకం పెట్టే చోట పడేశాడు.

"బీడీ గాదు సార్. గిది. గొట్టం మార్చినామె బయట జీపుల ఉన్నది."

కమిటీ పెద్ద గొట్టాన్ని నలిపి చూశాడు. జీపు దగ్గరికి వచ్చి ట్యాంకు వాసన చూసి ముఖం చిట్లించాడు. "ఇది పెట్రోల్ కదా! ఇథనాల్ టెస్ట్ ఫెయిలైనట్టే."

లియాఖత్ రికార్డర్‌లోని చార్టు కాగితం చించి చేతిలో పెట్టాడు.

"ఎనబై అయిదుతోని ఎల్లిన, పదిహేడుతోని వచ్చిన. నడుమల గొట్టం దప్ప ఇంజన్ల ఒక్క స్క్రూ తిప్పలే. గీ బండి చెయ్యాల్సిన పనే గది."

ఆయన ఆ గీత వెంట చివరిదాకా వేలు పోనిచ్చాడు. తర్వాత రిపోర్టు తెప్పించి బీడీ ఉన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, 'హత్య' అని రాసి సంతకం చేశాడు. లియాఖత్‌కు కళ్ళు నిండాయి. ఈ రాత్రికే ఖాతూన్ గడప తొక్కొచ్చు, తలెత్తుకుని తొక్కొచ్చు.

"ఈమె ఎవరు?" అన్నాడు కమిటీ పెద్ద, సైదమ్మను చూసి.

"సాక్షి సార్."

"ఏమ్మా, బండి ఎలా ఉంది?"

"మంచిగున్నది సారూ. ఏది పోసినా, ఎంత పోసినా, తూలకుంట సక్కగ జేరింది. గా మిషినేదో మా ఊరి మొగోళ్ళకు గూడ జర బిగించియ్యరాదు?"