శుభ్రమైన రిపోర్టు

ముందు వెళ్లిన ఏజెంటు మూడే మూడు ద్రాక్షపళ్లు తిన్నాడు. నాలుగోదానికి చెయ్యి లేవలేదు.

ఆ కేసు ఇప్పుడు పిల్లి నెత్తిన పడింది. డిపార్టుమెంటులో అతణ్ణి అందరూ పిలిచేది అలాగే. చీఫ్ రెండు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు. ఒక విదేశీ ముఠా ప్రాణాంతకమైన పురుగుమందు పట్టించిన ద్రాక్షని ఆసుపత్రులకు పంపుతోంది. ల్యాబ్ పాస్ చేస్తే పన్నెండింటికి లారీ గేటు దాటుతుంది. అది వెళ్లే ఆసుపత్రిలోనే పిల్లి అక్క పేషెంటుగా ఉంది.

గ్యాస్ సిలిండర్లు మార్చే మెకానిక్ వేషంలో ల్యాబ్ లోపలికి వెళ్లాడు. తెల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో టెస్టులు చేసే మేడమ్ ఎదురొచ్చింది. ల్యాబ్‌లో ఆవిడ మన మనిషేనని చీఫ్‌కి గట్టి నమ్మకం.

"హీలియం అయిపోయిందా?"

"నిన్నటి నుంచే."

కోడ్ సరిపోయింది. మేడమ్ పళ్లలో మందు జాడ పట్టే మెషీన్, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ స్క్రీన్ చూపించింది. ఆరు నిమిషాల టెస్టు. గీత చదునుగా ఉంది, మందు జాడే లేదు. పిల్లి ఊపిరి పీల్చుకోబోయి ఆగాడు. అక్క ఇరవై ఏళ్లు ఇలాంటి మెషీన్ ముందే కూర్చుంది. టెస్టు సరిగ్గా జరిగిందని తెలియడానికి ప్రతి శాంపిల్లోనూ తెలిసిన రసాయనం ఒక చుక్క కలిపేది. పండు ఎంత మంచిదైనా గీత మీద ఆ చుక్క తాలూకు పీక్, ఒక శిఖరంలా, లేవాల్సిందే. ఇక్కడ అదీ లేదు. తొందరలో మేడమ్ ఆ చుక్క కూడా కలపకుండా, పండు రసానికి బదులు ఉత్త సాల్వెంట్ ద్రావకం ఎక్కించేసింది.

అతని చూపు పసిగట్టి ఆమె పిస్టల్ తీసేలోపే పిల్లి వాచీలోంచి సన్నటి తీగ లాగి ఆమె చేతుల్ని కుర్చీకి కట్టేశాడు. అసలు శాంపిల్ సీసా ఆమె జేబులోనే దొరికింది. మెషీన్లో పెట్టాడు. పదకొండూ యాభై మూడు.

చివరి క్షణంలో మందు తాలూకు పీక్ నిట్టనిలువునా లేచింది. ఫెయిల్ బటన్ నొక్కాడు. బయట గేటు సగం లేచి ఆగిపోయింది.

మేడమ్ నవ్వింది. "ఇది తొమ్మిదో లారీ. పొద్దున్నుంచి ఎనిమిది వెళ్లాయి. వాటి రిపోర్టులూ నేనే ఇచ్చాను."

పిల్లి అక్కకి ఫోన్ చేశాడు. ద్రాక్ష తిన్నావా అని అడిగాడు.

"పొద్దున ఇచ్చార్రా. నాకు నోటికేమీ సహించడం లేదు. పక్క మంచం ఆవిడకి ఇచ్చేశాను. ఇష్టంగా తింది పాపం. ఇందాకే నిద్రపోయింది."

లేపమన్నాడు, డాక్టర్ని పిలవమన్నాడు. అవతల అక్క పిలుస్తూనే ఉంది. ఆవిడ పలకలేదు.

అంతలో చీఫ్ లైన్లోకి వచ్చాడు. ఎనిమిది లారీల సంగతి చెబితే, అవి మన ఫైల్లో లేవన్నాడు. మిషన్ సక్సెస్ అని రాసెయ్యనా అని అడిగాడు.

"రాసెయ్యండి సర్," అన్నాడు పిల్లి. "ఇక్కడ రిపోర్టులన్నీ శుభ్రంగానే ఉంటాయి."