షరతులు లేని విరాళం

ఏ షరతూ లేని విరాళం పత్రికను బంధించదని సాహితీపరుల నమ్మకం. 2001లో ఏజెంట్ ప్రద్యుమ్నను గుంటూరు పంపిన చీఫ్‌దీ అదే నమ్మకం.

"టార్గెట్, బ్రాడీపేటలోని ఒక సాహిత్య సమీక్షా మాసపత్రిక. నకిలీ పురుగుమందులు దింపే విదేశీ ముఠా ఒకటి, ఫౌండేషన్ ముసుగులో దాన్ని పోషిస్తోంది. ఆ మందుల వల్ల చితికిపోయిన పత్తి రైతుల మీద ఒకావిడ కథలు రాసింది. అవన్నీ కట్టుకథలని తేల్చే సమీక్ష వేయించాలని వాళ్ల ప్లాన్. కోర్టులో మన ముఖ్య సాక్షి ఆవిడే."

"నా కవర్?"

"మిర్చి వ్యాపారివి. వాళ్లిచ్చేది నువ్వే ఇవ్వు. ఏమీ అడగకు."

మెడలో గొలుసు, జేబులో లైటర్ కెమెరాతో ప్రద్యుమ్న ప్రెస్సు గుమ్మం ఎక్కాడు. ఫౌండేషన్ ప్రతినిధి బిందుమాధవి నల్లకళ్లద్దాలు పైకి తోసింది.

"మిర్చి యార్డులో సన్నాలు ఎట్లా ఉన్నాయండీ?"

"తాలుకాయ ఏరితే బాగుంటాయండీ."

కోడ్ కుదిరింది. ముఠా జీతం తింటూ డిపార్ట్‌మెంటుకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. ముఠా పంపిన సమీక్ష రాతప్రతిని లైటర్ కెమెరా ముందు పరిచింది.

"ప్లేటు మెషీన్ ఎక్కింది. త్వరపడండి."

సంపాదకుడు రామమూర్తి మెషీన్ పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. "కాగితం వాళ్లదండీ. కాదంటే పత్రిక ఆగిపోతుంది."

"కాగితం నేనిస్తాను. నా పేరు కూడా వేయొద్దు. మీరు నమ్మిందే వేయండి."

రోలర్లు కదలబోతున్నాయి. రామమూర్తి మెషీన్ నడిపే మనిషిని కేకేశాడు.

"సుభానీ, ఆ ప్లేటు దించవయ్యా."

"ఇప్పుడా సార్? పొద్దుటి నుంచీ ఎక్కించమని నా ప్రాణం తీసి?"

"దించవయ్యా బాబూ."

ముఠా మనుషులు చెన్నై విమానాశ్రయంలో దొరికారు. మరుసటి నెల సెలవు తీసుకోవడానికి వచ్చిన ప్రద్యుమ్న ముందు రామమూర్తి ఒక ప్రూఫ్ పెట్టాడు. రైతును తూకంలో ముంచే మిర్చి వ్యాపారులపై వచ్చిన నవలకు రామమూర్తే రాసిన సమీక్ష అది. నవలను ఆకాశానికెత్తాడు.

"ఒకసారి మీరు చూస్తే..."

"నాకెందుకండీ?"

"మీ మనసు నొచ్చుకుంటుందేమోనని. ఇంత సాయం చేశారు."

ప్రద్యుమ్నకు అర్థమైంది. ఫౌండేషన్ బెదిరించి సాధించుకున్నది, తాను అడక్కుండానే సంపాదించాడు. తాను వ్యాపారిని కానన్న ఒక్క మాట చాలు. కేసు తేలేవరకు ఆ మాట నిషిద్ధం.

"వేయండి మాస్టారూ. నాకే అభ్యంతరమూ లేదు."

"మీ పెద్దమనసు నాకు తెలియదా అండీ," అంటూ రామమూర్తి ప్రూఫ్ మడిచి సొరుగులో పెట్టాడు.

రచయిత్రి సాక్ష్యం నిలిచింది. ముఠాకు శిక్ష పడింది. నవల సమీక్ష రావలసిన పేజీల్లో మిర్చి తోటల సొగసు మీద పద్యాలు అచ్చయ్యాయి.