తాడు లేని గంట

కేప్ టౌన్ అవతల, స్టిల్‌హూక్ ద్రాక్షతోటలో ఒకప్పుడు బానిసల్ని పనికి పిలిచిన గంట దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ పోరు. దానికి తాడు లేదు. అయినా మోగుతుంది.

"అది మా వంశపు పాత దొరసాని, కొర్నీలియా..." అంటాడు తోట యజమాని లూరెన్స్ దొర, శనివారం విందుల్లో. "సముద్రంలో పోయిన మొగుణ్ణి ఇంకా పిలుస్తూనే ఉంది, పాపం."

నేను అక్కడ గిన్నెలు తోముతాను. తాతల నాడే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళం. పాత డచ్చి భాష నా అంతట నేనే నేర్చుకున్నానని తెలిసి, దొర అటక మీంచి ఆమె ఉత్తరాల పెట్టె దింపించాడు. "మా దొరసాని ఏడుపు ఎక్కడుందో వెతుకు. మెనూ మీద అచ్చేయిస్తా."

దొరసాని ఎక్కడా ఏడవలేదు. చెల్లెలికి రాసిన ఉత్తరాల నిండా పంటినొప్పి, పరదాలు. ఒక్కచోట మాత్రం —

"కొత్త బానిసపిల్ల రాత్రిళ్ళు గంట కొడుతోంది. ఓడలో గంట కొడితే కింది అరలోంచి తల్లి పైకొచ్చేదట. ఇక్కడా వస్తుందని! తాడు తీయించేశాను. ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోంది."

ఓడ జాబితా కూడా ఆ పెట్టెలోనే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల, భీమునిపట్నంలో ఎక్కించారు. కింది వరసలో తల్లి. ఆమె మీద అడ్డంగా గీత... "సిలోన్‌లో దింపాం."

ఆ సంగతి పిల్లకి ఎవరూ చెప్పలేదు. మూడొందల ఏళ్ళుగా.

దొరకి చూపించాను. "చిన్నపిల్లా? ఎవరికైనా ముద్ద దిగుతుందా? దొరసానినే ఉండనీ."

ఆ రాత్రి వంటావిడ సార్లిన్ ఆంటీని తోడు లాక్కెళ్ళాను.

"పిచ్చిదానా, దెయ్యానికి ఉత్తరం చదివి వినిపిస్తావా?" గుసగుసగా తిడుతోంది ఆంటీ.

గంట మోగుతోంది... సన్నగా. తెలుగులో చెప్పాను. "మీ అమ్మని దారిలోనే దింపేశారమ్మా. ఇంక రాదు. నువ్వు వెళ్ళిపో."

ఆగిపోయింది.

"మంచిపని చేశావే పిల్లా," అంది ఆంటీ. నేనూ అలాగే అనుకున్నాను.

శనివారం వచ్చింది. అతిథులు చెవులు రిక్కించి కూర్చున్నారు. చప్పుడు లేదు. దొర మొహం మాడిపోయింది. ఆంటీ చేతిలో ఇనప గరిటె పెట్టి చీకట్లోకి తోశాడు. "పోయి కొట్టు!"

ఠంగ్...

సముద్రం వైపు నుంచి, ఎక్కడో దూరాన, ఒక ఆడగొంతు... రొప్పుతూ... దగ్గరవుతూ —

"వత్తన్నానే తల్లీ... అక్కడే ఉండే..."

అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏర్పాటు ఎంత బాగుందో అన్నారు. దొర తల వంచి ఆ మెప్పు అందుకుని, నా చెవిలో అడిగాడు. "అది ఏం భాష?"

నేను గంట వైపు చూస్తున్నాను.

పిల్లని వెళ్ళిపొమ్మన్నది నేనే.