నాన్న బకెట్టు

"ఓలమ్మో! కన్నబాబూ, బేగి రారా! ఇది ఆగట్నేదు!"

దొడ్లోంచి గౌరీశ్వరి పెట్టిన కేకకి గోడ మీద కాకి ఎగిరిపోయింది. ఆరేళ్ళ తమ్ముడు కన్నబాబు పరుగెత్తుకొచ్చాడు. తడికల స్నానాలగదిలోంచి తెల్లటి నురగ బయటికి వస్తోంది. నురగ మధ్యలో అక్క ఉంది. అక్క తల మీద ఇంకో తలకాయంత నురగ ఉంది.

"ఏటి సేసినావప్పా?" అన్నాడు వాడు. అక్కని అప్పా అంటాడు.

జవాబు వచ్చేదాకా ఆగితే వాడు కన్నబాబు ఎందుకవుతాడు? చొక్కాతో సహా నురగలోకి దూకేశాడు.

ఇంత నురగ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్తాను. దానికి ముందు గౌరి వాళ్ళ నాన్న గురించి చెప్పాలి.

నాన్న పేరు గంగరాజు. విశాఖపట్నం రేవులో ఓడల్లోకి ఇనప ఖనిజం ఎక్కించే చోట పని. ఆ ఖనిజం ధూళి ఎర్రగా ఉంటుంది. పొద్దున్న మామూలుగా వెళ్ళిన మనిషి, ఇంటికొచ్చేసరికి కనుబొమలు, చెవులు, ముక్కు కొస కూడా ఎర్రగా అయిపోయేవాడు. "నానా, ఇటికలాగున్నావు" అని కన్నబాబు రోజూ నవ్వేవాడు. నాన్న కూడా నవ్వేవాడు. అప్పుడు పళ్ళు మాత్రం తెల్లగా కనిపించేవి.

కిందటేడు గౌరి స్కూలు వార్షికోత్సవానికి నాన్న పని నుంచి నేరుగా వచ్చాడు. గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల కుర్చీల్లో అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. తను కూర్చుంటే కుర్చీకి ఎర్రరంగు అంటుకుంటుందని, గేటు అవతలే మునివేళ్ళ మీద నిలబడి చూశాడు. స్టేజి మీంచి గౌరికి నాన్న జుట్టు ఒక్కటే కనబడింది. ఆ పిల్లకి ఎంత ఏడుపొచ్చిందో!

అందుకే ఈ ఏడు నాన్న ముందే మాటిచ్చాడు.

"ఒలే గౌరీ, ఈపాలి మజ్జేన్నానికే ఒచ్చెత్తాను. సుబ్బరంగా తానం సేసి, కుర్సీలో కూకుని మరీ సూత్తాను. సరేనా?"

ఆ రోజు రానే వచ్చింది. సాయంత్రం స్కూల్లో కోలాటం. అయిదో తరగతి పిల్లల్లో గౌరిది ముందు వరుస. నాన్న తోటివాళ్ళతో మాట్లాడి డ్యూటీ మార్చుకున్నాడు కూడా.

అమ్మ పెందుర్తిలో ఉంది, పిన్ని పురిటికి సాయం వెళ్ళింది. ఇంట్లో పెద్దదిక్కు మామ్మే. మామ్మ అంటే నాన్నకి అమ్మ, జోగమ్మ. ఆవిడ పొద్దున్నే కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో నానేసింది.

"నాను కిరసనాయిలు లైనుకి ఎల్లొచ్చి నీకు తలంటుతాను. అందాకా డ్రమ్ములో నీల జోలికెల్లకు. సగం మీ నానకుండాల."

ఆ వీధిలో కుళాయి తెల్లవారుజామున కాసేపే వస్తుంది. అప్పుడు పట్టుకున్న నీళ్ళే రోజంతా వాడుకోవాలి. ఈ సంగతి గౌరికి తెలియనిది కాదు. కానీ గౌరికి కుంకుడు పులుసంటే భయం. కళ్ళు భగ్గుమంటాయి. మామ్మేమో కళ్ళు మండినప్పుడల్లా నోట్లో ఉప్పు గల్లు పెట్టి, "సప్పరించు, తగ్గిపోతాది" అంటుంది. మంట కళ్ళల్లో, మందు నోట్లో! ఇదేం వైద్యమో గౌరికి ఎప్పుడూ అర్థం కాలేదు.

పైగా పుస్తకాల సంచిలో కామేశ్వరి ఇచ్చిన ప్యాకెట్లున్నాయి.

కామేశ్వరి గౌరి బెంచీలోనే కూర్చుంటుంది. వాళ్ళది భీమవరం వైపు. వాళ్ళ నాన్నకి రేవు ఆఫీసులో ఉద్యోగం. షాంపూ చిన్న చిన్న ప్యాకెట్లలో రావడం అప్పుడప్పుడే మొదలైంది. కామేశ్వరి నిన్న ఒక గుప్పెడు తెచ్చి గౌరి చేతిలో పోసింది.

"ఇంద, తీస్కోవే. కళ్ళు అస్సలు మండవు. జుట్టు ఇలా జారిపోతుంది, చూడు."

"ఎలగ పోసుకోవాలే?"

"కుంకుడుకాయకి బదులు ఇది. అంతేనే!"

అంతేనే అంది కదా! గౌరి కూడా అంతే చేసింది. మామ్మ కుంకుడు పులుసుని నీళ్ళలో కలిపి, నురగ తేలేదాకా చేత్తో గిలక్కొడుతుంది. గౌరి ప్యాకెట్లన్నీ కత్తిరించి బకెట్టు నీళ్ళలో పిండేసింది. రెండు చేతులూ పెట్టి గిలక్కొట్టడం మొదలుపెట్టింది. నురగ బకెట్టు అంచు దాటింది. ఇంకా కొట్టింది. నురగ మోచేతుల దాకా వచ్చింది. ఎంత నురగైతే అంత శుభ్రం అనుకుని ఇంకా కొట్టింది!

తర్వాత చెంబుల కొద్దీ నెత్తిన పోసుకుంది. అది వదలాలి కదా? ఒక బకెట్టు పోసుకుంది. వదల్లేదు. ఇంకోటి పోసుకుంది. నురగ పెరిగింది. చింపి పారేసిన ప్యాకెట్లు వెళ్ళి తూములో అడ్డం పడ్డాయి. నీళ్ళు బచ్చలిపాదు వైపు పోకుండా గుమ్మం దాటి దొడ్లోకి వచ్చేశాయి. కాకి ఎగిరిపోయింది అప్పుడే.

"అప్పా, సూడు! నాను ముసిలోడినైపోనాను!"

కన్నబాబు గడ్డానికి నురగ పూసుకుని, వంగి, కర్ర పట్టుకుని నడిచాడు. గౌరికి నవ్వాగలేదు. తను కూడా నురగ మీసాలు పెట్టుకుంది. ఇద్దరూ రెండు చీపురు పుల్లలు పట్టుకుని నురగలోనే కోలాటం వేశారు. పక్కింటి కోడి చూడ్డానికి వచ్చి, ముక్కుకి నురగ అంటుకుంటే తల విదిలించుకుని పారిపోయింది. అబ్బ, ఆ కాసేపు భలే సరదాగా ఉందిలెండి.

గౌరి మళ్ళీ డ్రమ్ములో చెంబు ముంచింది. చెంబు అడుగుకి తగిలి ఠంగుమంది.

సరిగ్గా అప్పుడే మామ్మ కిరసనాయిలు డబ్బాతో లోపలికొచ్చింది.

"ఓలి బాబో! ఇదేటి, మబ్బు గాని దిగిపోనాదేటి మన దొడ్లోకి?"

ఆవిడ పిల్లల్ని చూసింది. డ్రమ్ములోకి తొంగిచూసింది. డబ్బా కింద పెట్టింది.

"ఒలే గౌరీ, మీ నాన ఏటెట్టి తానం సేత్తాడే?"

మామ్మ తిట్టి ఉంటే గౌరి ఏదో ఒకటి చెప్పేదే. ఆవిడ తిట్టలేదు. గౌరికి గేటు గుర్తొచ్చింది. గేటు అవతల నాన్న జుట్టు గుర్తొచ్చింది.

తుండు చుట్టుకుని పక్కింట్లోకి పరుగెత్తింది. పైడితల్లత్త బిందె వంచి చూపించింది. "తాగడానికి ఇయ్యే ఉన్నాయి తల్లీ" అంది. ఎదురింట్లోనూ అదే మాట. నెత్తిన నురగతో వీధిలో తిరుగుతున్న గౌరిని చూసి జనం నవ్వుతున్నారు. గౌరి పట్టించుకోలేదు.

తిరిగొచ్చి డ్రమ్ముని వంచింది. అడుగున ఉన్నదంతా కలిపితే ఒక్క బకెట్టు నిండింది.

"రా, నీ నెత్తినున్న జిడ్డు కడిగెత్తాను. ఎండిపోతే దురదెడతాది" అంది మామ్మ.

"ఒద్దు మామ్మా. ఇయి నానవి" అంది గౌరి. బకెట్టు మీద పళ్ళెం మూత పెట్టింది. తుండుతో తల గట్టిగా తుడుచుకుంది. నురగ పోయింది కానీ జుట్టు బంక బంకగా అయిపోయింది. సాయంత్రం గిర్రున తిరగాల్సిన జడ అది! అయినా బకెట్టు మూత తియ్యలేదు.

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. అన్న మాట ప్రకారం తొందరగానే వచ్చాడు. నెత్తి నుంచి కాలి దాకా ఎర్రగా ఉన్నాడు.

"ఏటర్రా, అందరూ టేసన్లో దొంగల్నాగ నిలబడ్డారు?"

గౌరి మొత్తం చెప్పేసింది. ప్యాకెట్లు, గిలక్కొట్టడం, చెంబు ఠంగుమనడం, ఏదీ దాచలేదు. చివరికి, "నానా, మల్లీ గేటు కాడ ఉండిపోతావేటి?" అని అడిగింది.

నాన్న మూత తీసి బకెట్టు చూశాడు. రోజూ ఆయన ఒంటికి మూడు బకెట్లు పోసుకున్నా ఎరుపు పూర్తిగా వదలదు. స్నానపు రాయి మీద కూలబడ్డాడు.

మామ్మ కొంగు బిగించింది.

"ఏట్రా ఆ మొకం? సిన్నప్పుడు మన ఊర్లో నుయ్యి ఎండిపోతే, సెంబుడు నీలతో నీకు తానం సేయించలేదేటి నాను? గౌరీ, సున్నిపిండి డబ్బా తే. కన్నబాబూ, బీరపీచు అట్టుకురా!"

ముందు పొడిగుడ్డతో దులిపారు. ఎర్రధూళి లేచి ముగ్గురూ తుమ్మారు. తర్వాత మామ్మ సున్నిపిండిని గుప్పెడు నీళ్ళతో ముద్ద కలిపింది. ఒక చేతికి గౌరి రాసింది, ఇంకో చేతికి కన్నబాబు రాశాడు. వాడు నాన్న బొడ్డులో కూడా రాశాడు. ఆరనిచ్చి నలిచారు. ఎర్రెర్రటి నలుగు ఉండలుగా రాలిపడింది! కింద నుంచి నాన్న అసలు రంగు బయటపడుతుంటే కన్నబాబు, "ఇదిగో నాన! ఇక్కడున్నాడు!" అని గెంతాడు. మామ్మ బీరపీచుతో వీపు రుద్దింది.

"అమ్మా, తోలూడిపోతాదే!"

"నోరుమూసుకుని కూకో."

ఇక తలకాయ. గౌరి కోసం నానేసిన కుంకుళ్ళు అలాగే ఉన్నాయి. మామ్మ వాటిని పిసికి పులుసు నెత్తిన పోసింది. నాన్న కళ్ళు మూసుకోవడం మర్చిపోయాడు.

"సచ్చాను రా నాయనో! కల్లు! కల్లు!"

రేవులో అంతంత బరువులెత్తే మనిషి ఒంటికాలి మీద గెంతుతున్నాడు. గౌరి వంటింట్లోకి దూసుకెళ్ళి ఉప్పు గల్లు తెచ్చి నాన్న నోట్లో పెట్టింది.

"సప్పరించు నానా, తగ్గిపోతాది!"

నాన్న చప్పరించాడు. నిజంగానే గెంతడం ఆపేశాడు. మామ్మ గౌరి వైపు చూసి, ఏమనుకున్నావు నా వైద్యం అన్నట్టు కళ్ళెగరేసింది.

నీళ్ళు పోసే పని గౌరి తీసుకుంది. పొద్దున్న చెంబుల మీద చెంబులు గుమ్మరించిన పిల్ల, ఇప్పుడు అన్నంలో నెయ్యి వడ్డిస్తున్నట్టు కొంచెం కొంచెంగా పోసింది. కన్నబాబు తూములో ఇరుక్కున్న ప్యాకెట్లు పీకి మామ్మకి చూపించాడు. "ఈటిని మట్టి కూడా తినదు" అని విసుక్కుని ఆవిడ పక్కన పడేసింది. ఎర్రనీళ్ళు గలగలా బచ్చలిపాదులోకి పోయాయి.

అంతా అయ్యాక చూస్తే బకెట్టు అడుగున ఇంకా రెండు చెంబుల నీళ్ళు మిగిలాయి. గౌరి తప్పించుకునేలోపు నాన్న ఆ పిల్ల రెక్క పట్టుకుని, మిగిలిన కుంకుడు పులుసు నెత్తిన రుద్ది, ఆ నీళ్ళు పోసేశాడు.

"ఇయి నీయి!"

"నానా! కల్లు!"

"ఒరే కన్నబాబూ, ఉప్పు!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు.

సాయంత్రం కోలాటం మొదలైంది. గౌరి జడ గిర్రున తిరగలేదు. ఆ రెండు చెంబులకి జిడ్డు సగమే వదిలింది. జడ కొబ్బరితాడులా బిరుసుగా ఒక పక్కకే నిలబడింది. పక్కన కర్ర కలుపుతున్న కామేశ్వరి, "నీ జడకేమైందే?" అని గుసగుసగా అడిగింది. గౌరి వినిపించుకోలేదు. కుర్చీల వైపు చూస్తోంది.

మూడో వరుసలో, ఇస్త్రీ చొక్కాలో నాన్న కూర్చున్నాడు. కుర్చీకి వీపు పూర్తిగా ఆనించి, కాలు మీద కాలేసుకుని మరీ కూర్చున్నాడు. తాళం తప్పుతూ చప్పట్లు కొడుతున్నాడు. కుడి చెవి వెనకాల మాత్రం కాస్త ఎరుపు మిగిలిపోయింది. అది చూసి గౌరి స్టేజి మీదే పకపకా నవ్వేసింది. పాటలో నవ్వే చోటు కాదది. అయినా భ్రమరాంబ టీచర్ ఏమీ అనలేదు. ఆవిడకి గౌరి మొహం అంత బాగుందట.

తర్వాతి ఆదివారం నాన్నకి డ్యూటీ ఉంది. కుళాయి చప్పుడవగానే గౌరి అందరికంటే ముందు లేచింది. నాన్న బకెట్లు నింపి పక్కన పెట్టాకే డ్రమ్ము నింపింది. కుంకుడుకాయలు తనే రాయితో కొట్టింది. తలంటేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. అయినా మండాయి. కాళ్ళు టపటపా కొట్టుకుంది కానీ, చెంబులు లెక్కలేకుండా గుమ్మరించలేదు.

సాయంత్రం నాన్న ఎర్రగా తిరిగొచ్చాడు. తుండు భుజానేసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు. బకెట్లు అంచుల దాకా నిండి ఉన్నాయి. పక్కన గిన్నెలో పిసికి ఉంచిన కుంకుడు పులుసు, సున్నిపిండి, బీరపీచు ఉన్నాయి. ముందున్న బకెట్టు మీద మూత పెట్టిన పళ్ళెంలో ఏదో తెల్లగా మెరుస్తోంది.

వంగి చూశాడు. ఉప్పు గల్లు.

ఆయన నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినిపించింది.