నాయన పేరు మీద

గ్రేసీ ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టినా రాజారత్నం ముట్టుకోలేదు. ఎడమ చేత్తో దాన్ని పక్కకు జరిపి, లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"ఏమయ్యా, పచ్చడి కారంగా ఉండాదా? చక్కెర వెయ్యాల్నా?"

"కాదు," అన్నాడు.

పక్షవాతం వచ్చి ఏడాది కావస్తోంది. కాలు చాలావరకు కుదుటపడింది. కుడి చెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం తిరిగి రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా తెలుస్తుంది, చదివితే అర్థమవుతుంది, కానీ చెప్పబోతే నోటికి 'కాదు' ఒక్కటే వస్తుంది. నీళ్ళు కావాలన్నా అదే, కిటికీ తీయమన్నా అదే. తిరుపతి నుంచి నగరికి బస్సు నడిపినన్నాళ్ళూ దారి పొడుగునా అందరినీ పలకరిస్తూ పోయిన మనిషి. ఇప్పుడు వడమాలపేటలో ఆ రెండు గదుల ఇంట్లో పచార్లు చేస్తున్నాడు.

కూతురు జయంతి అద్దం ముందు జడ వేసుకుంటోంది. తిరుపతిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగం ఆమెది, బస్సుకు టైమవుతోంది. రాజారత్నం ఆమె పక్కనున్న తన ఫోను లాక్కుని తెచ్చి గ్రేసీ చేతిలో పెట్టాడు. తెర మీద వేలితో పొడిచి చూపించాడు.

అది డ్రైవర్లూ కండక్టర్లూ కలిసి పెట్టుకున్న ఫేస్‌బుక్ గ్రూపు. గ్రేసీ కూడబలుక్కుంటూ చదివింది. మునిచంద్ర పెట్టిన పోస్టు. 'మా అమ్మ తెల్లారుజామున పోయింది. సాయంత్రం ఎత్తుతాం.'

"అయ్యో, అలివేలమ్మ పోయిందా," అంటూ గ్రేసీ గోడకు ఆనుకుంది.

మునిచంద్ర నగరి మనిషి. రాజారత్నం బస్సులో ఏళ్ళ తరబడి కండక్టరు. రాత్రి బస్సు నగరిలో ఆగిపోయినప్పుడల్లా ఇద్దరికీ అన్నం పెట్టింది అలివేలమ్మే.

పోస్టు కింద రాజారత్నం ఫోటో, పేరు. 'ప్రియమైన మునిచంద్ర గారూ, మీ మాతృమూర్తి మరణవార్త నన్ను తీవ్రంగా కలచివేసింది. ఈ క్లిష్ట సమయంలో మీ కుటుంబానికి మనోధైర్యం చేకూరాలని ఆకాంక్షిస్తున్నాను మిత్రమా.'

గ్రేసీ అది రెండుసార్లు చదివింది. "ఇది ఎవురు రాసినారు?"

జయంతి జడ వదిలేసింది. "నేనే మా. నేనంటే, ఏఐతో రాయించి పెట్టినా."

"ఎప్పట్నించి?"

"చానా దినాలుగా. నాయన ఆస్పత్రి నుంచి వచ్చినాక ఎడమ చేత్తో ఏందో రాసి పెట్టినాడు. అక్షరాలన్నీ కలిసిపోయినాయి. దాని కింద ఒకాయన 'పొద్దున్నే మందు మొదలుపెట్టినావా రత్నం' అని నవ్వే బొమ్మ పెట్టినాడు. నాకు కడుపు మండిపోయింది మా. దాన్ని తీసేసి, ఫోను నా దగ్గరే పెట్టుకొని, అప్పట్నించి నేనే పెడతా ఉండా. అందరూ ఎంత మెచ్చుకుంటారో సూడు. నాయన బాగైపోయినాడనుకుంటా ఉండారు."

"మునిచంద్రన్నని ఈయన ఎన్నడన్నా గారూ అని పిలిచినాడా? మిత్రమా అంట, మిత్రమా."

"మర్యాదగానే కదా రాసింది."

"ఆ మర్యాద ఎవురికి కావాలమ్మా? ఆయన అన్నం పెట్టిన తల్లి పోతే, నువ్వు జడేసుకుంటా ఒక ముక్క పడేసినావు."

"నేనేం చెడ్డ చేసినా? నాయన్ని సూసి ఎవురూ నవ్వగూడదని చేసినా."

ఇద్దరూ గొంతులు పెంచారు. చేతికర్ర చప్పుడు వినబడి చూసేసరికి రాజారత్నం ఇంట్లో లేడు. ఒక కాలు ఈడ్చుకుంటూ మెయిన్ రోడ్డు వైపు పోతున్నాడు. జయంతి పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు. కూతురి చెయ్యి ఆయన విదిలించడం ఆమె ఎరిగి అదే మొదటిసారి.

పుత్తూరు మీదుగా పోయే నగరి బస్సు ఎక్కారు ముగ్గురూ. జయంతి ఫోనులో పాత కామెంట్లన్నీ వెనక్కి చూసుకుంటూ పోయింది. పుట్టినరోజులు, రిటైర్మెంట్లు, ఎవరి మనవరాలికో ఓణీల ఫంక్షను. అన్నిటికీ ఒకే రకం తీయటి మాటలు. మొదట్లో మునిచంద్ర కింద సరదాగా తిట్టేవాడు. తర్వాత తర్వాత ఒక్క దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఆమె అది ఇంతవరకూ గమనించలేదు.

నగరిలో ఇంటి ముందు షామియానా వేసివుంది. రాజారత్నం తిన్నగా వెళ్ళి అలివేలమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. మునిచంద్ర లేచి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"రాసినావు కదప్పా పొద్దున్నే," అన్నాడు మెల్లగా. "అది చాలదా? మళ్ళీ ఇంత దూరం ఎందుకొచ్చినావు? నేను ఫోను చేస్తే ఎత్తవు. 'తర్వాత మాట్లాడుకుందాం మిత్రమా' అని రాస్తావు. నగరి మునిగాడు నీకు గారు అయిపోయినాడు. మా అమ్మ నిన్న కూడా అడిగింది, రత్నం ఎందుకు రాడం లేదురా అని. ఏం చెప్పేది?"

రాజారత్నం నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "కా... కాదు," అన్నాడు. "కాదు. కాదు." కన్నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. ఎడమ చెయ్యి ఎత్తి మునిచంద్ర చొక్కా పట్టుకున్నాడు.

మునిచంద్ర గ్రేసీ వైపు తిరిగాడు. "ఏంది వదినా ఇది? మాట వచ్చేసిందని కదా మేమంతా అనుకుంటా ఉండేది."

గ్రేసీ తలవంచుకుంది. జయంతి ముందుకు వచ్చింది.

"మాట రాలేదు మామా. ఆ రాతలన్నీ నేను ఏఐతో రాయించినవి. మీ ఫోన్లు కట్ చేసింది కూడా నేనే. నాయనకు తెలీదు."

మునిచంద్ర ఆమె వైపు చూశాడు. "బాగుండాడులే, నాతో పని తీరిపోయిందిలే అనుకొని దూరంగా ఉండిపోయినా పాపా," అన్నాడు. "బాగలేదని తెలిసుంటే వారానికొకసారన్నా వచ్చేవాణ్ణి. మా అమ్మని కూడా పిల్సుకొచ్చేవాణ్ణి."

మునిచంద్ర వంగి స్నేహితుణ్ణి రెండు చేతులా లేపి, తల్లి తల దగ్గరికి తీసుకుపోయి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎత్తేదాకా ఇద్దరూ అక్కడి నుంచి కదలలేదు.

ఇంటికి వచ్చాక జయంతి గ్రూపులో రాసింది. ఎన్నోసార్లు చెరిపి, చెరిపి, ఎవరి సాయమూ లేకుండా రాసింది. 'నేను రాజారత్నం కూతురు జయంతిని. ఇన్నాళ్ళు నాయన పేరు మీద రాసింది నాయన కాదు. తప్పు నాది. ఆయనకి మాట రాదు. వినడం వస్తుంది. వీలైతే ఎవరన్నా వచ్చి మాట్లాడండి.'

ఆమె రాసింది తండ్రికి చదివి వినిపించింది. ఆయన తల ఊపాకే పెట్టింది. కొందరు తిట్టారు. కొందరు ఏమీ అనలేదు. ఆమెకు నిద్ర సరిగా పట్టని రోజులు చాలానే గడిచాయి.

అలివేలమ్మ కర్మాంతరం అయిన తర్వాతి ఆదివారం మునిచంద్ర వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. వెంట భానుచందర్ అని ఇంకో డ్రైవరు. ఒకప్పుడు నవ్వే బొమ్మ పెట్టింది ఈయనే. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "తెలీక అనేసినా రత్నం," అని తల గోక్కున్నాడు. రాజారత్నం అతని వీపు మీద ఒకటి వేశాడు.

కూర్చోగానే ఎప్పటిదో గొడవ మొదలైంది. వానలో బండి ఎవరి తప్పుతో బురదలో దిగబడింది అని. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే రాజారత్నం తొడ చరుస్తూ నవ్వాడు. గొంతులోంచి గరగరమని వచ్చిన ఆ నవ్వుకు వంటింట్లో గ్రేసీ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

జయంతి కాఫీ తెచ్చింది. మునిచంద్ర గ్లాసు అందుకుంటూ, "నీ మీద కోపం ఇంకా పోలేదు పాపా," అన్నాడు. "పోతుందిలే. నువ్వూ ఈడ కూసో."

ఆమె ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. రాజారత్నం సరిగా లేవని కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఎత్తి, ఆమె ముంజేతి మీద వేసి, తన పక్కకు లాక్కున్నాడు. జయంతి తండ్రి భుజం మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. మగవాళ్ళు చూడనట్టే ఉండి, బురదలో దిగబడిన బండిని ఎవరు తోశారో తేల్చుకునే పనిలో పడ్డారు.