అమ్మ పేరు మీది చీటీ

పొద్దున్న ఎనిమిదయ్యేసరికే మిషను పక్కన యూనిఫాం చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. స్కూలు వాళ్లు పదింటికి వస్తామన్నారు. తల్లి కాలితో మిషను తొక్కుతూనే, ఎదురుగా పీట మీద కాజాలు కుడుతున్న కూతురి చేతుల వంకే చూస్తోంది. ఆ వేళ్లకి సూదిలో దారం ఎక్కించడమే కష్టంగా ఉంది. ఎక్కినా, గుండీ కన్నం ఒకచోట, కుట్టు ఒకచోట పడుతున్నాయి.

“ఐదోసారి విప్పడం,” అంది తల్లి.

“నువ్వు లెక్కపెడుతుంటే ఇంకా వణుకుతున్నాయి. అటు తిరుగు.”

“తిరిగితే నా కుట్టు వంకరపోతుంది.”

“పోనీ. ఇద్దరివీ వంకరైతే ఫ్యాషనేమో అనుకుంటారు.”

“మీ మధ్య కూర్చుంటే బ్రేకుల్లేని బండిలో కూర్చున్నట్టుంది తల్లీ,” అంటూ బస్సు డ్రైవరు తండ్రి టీ గ్లాసు కిందపెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు.

కూతురు లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. నెల రోజులుగా ఇదే వరస.

“టేపు ఏదమ్మా?”

“నా సంచిలో... ఆగు, నేనిస్తా!”

అప్పటికే సంచి తెరుచుకుంది. టేపుతోపాటు నాలుగు మడతల ఆసుపత్రి చీటీ బయటికొచ్చింది.

రెండేళ్ల కిందట, ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నాయని కూతురు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. అప్పటినుంచి నెలకోసారి తల్లి మోకాళ్ల నొప్పులని ఇరుగుపొరుగుకి చెప్పి ఆసుపత్రికి వెళ్తోంది, మాత్రలు తెస్తోంది. “నువ్వు రానక్కర్లేదు, డాక్టరమ్మకి అన్నీ చెప్పేశా” అనేది. మాటలు వినిపించడం తగ్గింది. అందుకే కూతురూ అడగలేదు.

“ఇందులో నీ పేరుందేంటి?”

మిషను ఆగింది.

“పేరు నీది, వయసు నీది. మాత్రలు మింగేది నేను.”

“మెల్లగా. పక్కింటావిడ వింటుంది.”

“విననీ! ఆవిడ వింటుందని రెండేళ్లుగా ఈ ఇంట్లో గట్టిగా నవ్వింది లేదు.”

“నీ పేరు ఆ మనసు జబ్బుల రిజిస్టర్లో పడితే జన్మంతా నిన్ను వదలదే. నాకేముంది, సగం బతుకు అయిపోయినదాన్ని. నీకున్నవన్నీ నాకున్నట్టు చెప్పా. తప్పా?”

“డాక్టరమ్మ నిన్ను చూసి మందిచ్చిందమ్మా! పోయిన నెల వణుకుందేమో చూడ్డానికి చేతులు చాపమని అడిగి ఉంటుంది. ఎవరి చేతులు చాపావు?”

తల్లి తన చేతులు చూసుకుంది. సూదిపోట్లకి గట్టిపడ్డ వేళ్లు. ఇన్నేళ్లలో దారం తప్పింది లేదు.

“బాగానే ఉన్నాయంది,” అంటూ వాటిని చొక్కా కింద దాచుకుంది. “నిద్రే పట్టడం లేదన్నానని మోతాదు పెంచింది.”

“నాకు నిద్ర పడుతోంది కదా! ఎప్పటినుంచో పడుతోంది. ఈ వణుకొచ్చింది ఆ మోతాదు పెరిగాకే.”

కూతురు చీటీ వెలుగులోకి పట్టుకుని, కిందనున్న డాక్టరమ్మ రాత కూడబలుక్కుంది. రాత్రి నాలుగుసార్లు లేస్తుంది. తలుపు గడియ తడుముతుంది. పక్కన పడుకున్న మనిషికి ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

గదిలో అమ్మ పక్కన పడుకునేది తనే.

“అమ్మా, ఇవి నావి కావు.”

తల్లి ఒళ్లో చొక్కాతో ముఖం కప్పుకుంది. “నీ బాధలే చెబుదామని కూర్చున్నానే. మధ్యలో నావి నోరు జారిపోయాయి. ఎవరూ అడగరుగా... ఆవిడ అడిగింది.”

కూతురి కోపం ఎక్కడ పట్టుకుని నిలబడాలో తెలియక తడబడింది. తల్లి చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“పద. ఓపీ పన్నెండింటిదాకా ఉంటుంది.”

“చొక్కాలో?”

“రేపిస్తాం. మాత్ర తగ్గించాలో మార్చాలో ఆవిడే నన్ను చూసి చెప్పాలి. నన్ను.”

ఆసుపత్రి కిటికీ దగ్గర క్యూ మెట్లదాకా ఉంది. వంతు రాగానే తల్లి అలవాటుగా నోరు తెరిచింది. ఆ లోపే కూతురు వెనకున్నవాళ్లందరికీ వినపడేలా తన పేరు చెప్పింది.

“ఈవిడ తోడొచ్చారా?” అన్నాడు చీటీలు రాసే అతను.

“కాదండీ, ఈవిడకీ ఒకటి రాయండి. పాతది తప్పు.”

సంతకం దగ్గర తల్లి పెన్ను గీత దాటింది.

“నీదీ వణుకుతోందే,” అంది కూతురు.

“అటు తిరుగు,” అంది తల్లి, కళ్లు తుడుచుకుంటూ.

కూతురు తిరగలేదు. వణికే చేత్తోనే ఆ చేతిని పట్టుకుంది.