ద్రాక్షతోటల టూర్‌కి కొత్త గైడ్

"మళ్ళీ మింగేశావా!"

బకెట్ పట్టుకుని నిలబడ్డ గైడ్ తల కొట్టుకున్నాడు. ట్రావెల్ ఆఫీసు వెనక గదిలో అతని ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఖాళీ గ్లాసును అమాయకంగా బల్ల మీద పెట్టింది.

"తియ్యగా ఉందండీ. ఉమ్మబుద్ధి కాలేదు."

"ఇది ఉత్త ద్రాక్షరసం కాబట్టి సరిపోయింది. టూర్‌లో ప్రతి తోటలోనూ వైన్ పోస్తారు. గైడ్ అన్నాక నోట్లో తిప్పి, రుచి చూసి, ఇలాంటి బకెట్‌లోకి గురిచూసి ఉమ్మేయాలి. అంతా మింగేస్తే టూరిస్టులే నిన్ను మోసుకు తిరగాలి!"

"డబ్బులిచ్చి మరీ మోస్తారంటారా?"

అతను నవ్వాపుకుని, ఆమె గీసిన రూట్ మ్యాప్ అందుకున్నాడు. "ఇదేంటి, కొండ మీది తోట భోజనాలయ్యాకా? తిని, తాగి, ఆ మలుపుల్లో బస్సెక్కితే ఏమవుతుందో తెలుసా?"

"కిటికీ సీట్లకి గిరాకీ పెరుగుతుంది."

నవ్వుతోందే గాని, ఆమె గుండెలో గుబులుగానే ఉంది. ఈ వైన్ టూర్ తనకి అప్పగించి అతను దూరపు ఊళ్ళో కొత్త బ్రాంచికి వెళ్ళిపోతాడు. పని నేర్చుకుంటే అతను ఉండడు. నేర్చుకోకపోతే ఉద్యోగం ఉండదు.

ఆఫీసు ఓనరు అతని బాబాయే. తలుపులోంచి తొంగిచూశాడు. "ఏరా, పిల్లకి పని పట్టుబడిందా? లేదంటే చెప్పు, వేరేవాళ్ళని చూసుకుంటా."

అతను నీళ్ళు నమిలాడు. "సాయంత్రం చెప్తా బాబాయ్."

భోజనమయ్యాక ఆమె వాష్‌బేసిన్ దగ్గర నోరు పుక్కిలించింది. ధ్యాస ఎక్కడో ఉంది. నిలబడ్డచోటి నుంచే ఉమ్మేసింది. నీళ్ళు సన్నటి ధారగా వెళ్ళి సరిగ్గా బేసిన్ మధ్యలో పడ్డాయి.

వెనక చప్పట్లు. "అబ్బ, ఏం గురి!"

ఆమె ముఖం పాలిపోయింది.

"ఎందుకీ నాటకం?" అన్నాడతను, మెల్లగా.

బయట వాన మొదలైంది. ఆమె వానకేసే చూస్తూ అంది: "పని వచ్చేస్తే మీరు వెళ్ళిపోతారుగా. వెళ్ళేవాళ్ళందరూ ఫోన్ చేస్తామనే అంటారు. మొదట్లో చేస్తారు కూడా."

అతను వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"నీ గురి పోయిన వారమే చూశాను," అన్నాడు.

"మరి బాబాయిగారికి చెప్పలేదేం?"

"చెప్తే నేను బండెక్కాలిగా!"

ఇంతలో ముందు గదిలోంచి కేక. "ఏరా, తేల్చావా?"

"పనొచ్చింది బాబాయ్. నాకంటే బాగా వచ్చింది!"

ఆమె కళ్ళు నిండాయి. ఉద్యోగం నిలిచింది. మనిషే వెళ్ళిపోతున్నాడు.

"ఈ టూర్‌కి ఇద్దరం వెళ్తాం," అన్నాడతను, ఈసారి ఆమెతోనే. "ఆ తర్వాత... కొత్త బ్రాంచికి కూడా ఇద్దరు కావాలి."

"ఉద్యోగానికా?"

"ఉద్యోగానికి కూడా."

ఆమె తల వంచుకుంది. కాదనలేదు.

బాబాయి ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఇద్దర్నీ పంపించేసి నేనిక్కడ గోళ్ళు గిల్లుకోవాలా?" అని విసుక్కుంటూనే గొడుగు తీశాడు. "సరే, పదండి. అమ్మాయి వాళ్ళమ్మగారితో నేను మాట్లాడతాను. గొడుగు మాత్రం ఒక్కటే. అది నాది. మీరిద్దరూ తడుస్తూ రండి."